షట్టర్ల పెట్టెకు రెండు తాళాలు

మాలకొండమ్మ అంగట్లో పాలప్యాకెట్టు కొన్నా సరే, అక్కడే దాన్ని తలకిందులు చేసి నాలుగు మూలలూ నొక్కి చూస్తుంది. ఎవరైనా సూదితో పొడిచి పాలు లాగేసి నీళ్లు ఎక్కించారేమోనని. ఆసుపత్రిలో సూదిమందు వేస్తే, వేశాక ఖాళీ సీసా చూపించమంటుంది. పెళ్లిలో వడ్డించేవాడు రెండో బూరె వేస్తే, అంత ప్రేమ ఎందుకో తేలేదాకా నోట్లో పెట్టుకోదు. పులికాట్ సరస్సు ఒడ్డున నడిదిబ్బ కుప్పంలో ఆమె ఇల్లు. కుప్పమంటే చేపలు పట్టి బతికేవాళ్ల ఊరు. మనిషి పొట్టి, యాభై ఆరేళ్లు, మొగుడు పోయి పన్నెండేళ్లయింది. చిరిగిన వలలు బాగుచేస్తుంది, చేపలు ఎండబెట్టి సూళ్లూరుపేటకు మోసుకెళ్లి అమ్ముకొస్తుంది. ఆమె ఎదురైతే, ఏ తప్పూ చేయనివాళ్లు కూడా ఏం చేశామా అని ఒకసారి గుర్తు తెచ్చుకుంటారు.

అనుమానం ఆమెకు రోగం అని ఊరంతా అంటుంది. అననీండి. ఆ రోగం ఊరికే రాలేదు.

పులికాట్‌లో ఎవరికి తోచిన చోట వాళ్లు వల వేయడానికి లేదు. ఏ ఇంటికి ఏ చోటో ఏటా కుండలో చీట్లు వేసి తీస్తారు. మొగుడు బతికున్న రోజుల్లో వరసగా మూడేళ్లు వాళ్లింటికి గట్టు పక్కన బురద చోటే వచ్చింది. మన రాత అంతే అని ఆయన ఊరుకున్నాడు. మాలకొండమ్మ ఊరుకునే రకమా! నాలుగో ఏడు చీట్లు తీసే సమయానికి గుంపును తోసుకుంటూ పోయి, ఎవరూ వద్దనేలోగా కుండలో చెయ్యి పెట్టింది. చీట్లన్నీ గోరువెచ్చగా ఉన్నాయి, రెండు మాత్రం చల్లగా తగిలాయి. మంచి చోట్ల చీట్లను చేపల ఐసుపెట్టెలో దాచి, అప్పుడే తెచ్చి కలిపారన్నమాట. చీటీ తీసేవాడు వేళ్లతో తడిమి చల్లటిది పట్టుకుంటే చాలు. ఆమె ఆ కుండను అక్కడే నేలకేసి కొట్టింది. ఆ రోజు నుంచి ఎవరు ఏం చెప్పినా ఒక కన్ను చికిలించి వినడం ఆమెకు అలవాటైపోయింది.

ఇప్పుడు షట్టర్ల సంగతి చెప్పాలి.

నక్కలవాగు పడమటి పొలాల్లో పుట్టి, అల్లిపాడు రైతుల మళ్ల పక్కగా వచ్చి, కుప్పం దగ్గర సరస్సులో కలుస్తుంది. కలిసే చోటికి కాస్త పైన నాలుగు ఇనుప షట్టర్లున్నాయి. ఎండాకాలం అవి దించకపోతే సరస్సులోని ఉప్పునీళ్లు పైకెక్కి పొలాలూ బావులూ పాడవుతాయి. వానాకాలం ఎత్తకపోతే వరద పొలాల్లోనే నిలిచిపోతుంది. కింద సరస్సుకు తియ్యనీళ్లు అందక రొయ్యపిల్ల ఎదగదు. వాగు ఒకటే, అవసరాలు రెండు. రైతులు నీళ్లు ఆపుకోవాలంటారు, కుప్పంవాళ్లు వదలమంటారు. కుప్పంవాళ్లు మూయమన్నప్పుడు రైతులకు తెరవాల్సిన పని పడుతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే గొడవ. తలలు పగిలాయి, కేసులు నడిచాయి, ఒకసారి షట్టర్ తిప్పే హ్యాండిల్‌నే ఎవరో వాగులో పారేశారు.

పైగా వానలు కూడా మునుపటిలా లేవు. రావలసిన నెలలో రావు. వచ్చిన రోజు నెల రోజుల వాన ఒక్కసారే కుమ్మరించి పోతాయి. నాలుగేళ్ల కిందట తుఫానులో పైనుంచి వరద, కిందినుంచి సముద్రపు పోటు ఒకేసారి వచ్చిపడ్డాయి. షట్టర్లు ఎత్తాలా దించాలా అని రెండూళ్లవాళ్లూ గట్టు మీద నిలబడి ఒకరి అమ్మను ఒకరు తిట్టుకుంటూ ఉండగానే అల్లిపాడు పొలాలూ మునిగాయి, కుప్పంలో ఇళ్లూ మునిగాయి. మూడు రోజులు అందరూ ఒకే బడి వరండాలో, ఒకే అండాలో వండిన పులిహోర తిన్నారు. కడుపు మండి ఉన్నారో, కడుపు నిండి ఉన్నారో గానీ, అక్కడే మొదటిసారి తిట్టుకోకుండా మాట్లాడుకున్నారు.

ఆ మాటల్లో పుట్టిందే నీటి కమిటీ. హ్యాండిల్‌ను షట్టర్ల వంతెన మీద ఇనుపపెట్టెలో పెట్టాలి. పెట్టెకు రెండు తాళాలు, అల్లిపాడుది ఒకటి, కుప్పానిది ఒకటి. ఇద్దరూ వచ్చి తీస్తేనే హ్యాండిల్ బయటికి వస్తుంది. ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. రొయ్యల గుంటల మురుగునీళ్లు మాత్రం ఏ కాలంలోనూ ఆ షట్టర్ల గుండా సరస్సులోకి వదలకూడదు. కుప్పం పెద్దలు తమ వైపునుంచి దురాయి కూడా వేశారు. దురాయంటే ఊరి కట్టడి. మీరినవాళ్లతో ఎవరూ మాట్లాడరు, పడవెక్కించుకోరు.

మరి కుప్పం తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? పేరు చెప్పిన ప్రతివాడికీ ఒకడు అడ్డం తగిలాడు. వాడు తాగుతాడు, వీడికి అల్లిపాడులో చుట్టాలున్నారు, ఇంకొకడు మెత్తనివాడు, అడిగితే ఇచ్చేస్తాడు. చివరికి ఎవరో ఎగతాళికే అన్నారు.

"మాలకొండమ్మకిస్తే పోలా! ఆమె దేవుణ్ణి గూడా నమ్మదు."

అందరూ నవ్వారు. నవ్వాక ఆలోచించారు. ఆలోచించాక ఒప్పుకున్నారు. అదే తాళానికి ఉన్న రెండో చెవిని కుప్పం పెద్ద పెంచలయ్య దగ్గర పెట్టారు. పెంచలయ్య మాలకొండమ్మ మొగుడికి పినతండ్రి కొడుకు, వరసకు మరిది. మాలకొండమ్మ తన తాళంచెవిని నల్లదారానికి కట్టి మెడలో వేసుకుంది. ఆ నాలుగేళ్లలో స్నానానికైనా దాన్ని తీయలేదు. ఊరంతా తనను నమ్మిందని లోపల ఎంత పొంగిపోయిందో ఎవరికీ చెప్పలేదు.

అల్లిపాడు తాళంచెవి హజరత్తయ్యది. అరవై దాటిన రైతు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, అడిగినదానికి మించి ఒక్క మాట మాట్లాడడు. మాలకొండమ్మకు తక్కువ మాట్లాడేవాళ్లంటే మొదటినుంచీ పడదు. నోరు తెరవనివాడి లోపల ఏముందో ఎట్టా తెలుస్తుంది? పైగా ఆయన బామ్మర్ది విజయభాస్కర్‌కు షట్టర్లకు సరిగ్గా పైనే ఆరు రొయ్యల గుంటలున్నాయి.

మూడేళ్లు బాగానే గడిచాయి. మొన్న జూలైలో, షట్టర్లు దించి ఉన్న రోజుల్లో, వాటికి దిగువన చిన్నచేపలు తెల్లగా తేలాయి. నీళ్లు తగ్గి కాగిపోయినాయి, అందుకే చచ్చినాయి అన్నాడు పెంచలయ్య. మాలకొండమ్మ మోకాలి లోతుకు దిగి, దోసిట్లో నీళ్లు తీసి, నాలుక మీద వేసుకుని తుపుక్కున ఉమ్మింది.

"మందు వాసన. గుంటల నీళ్లు వదిలినారు."

"షట్టర్ ఎత్తకుండా ఎట్టా వదుల్తారు వదినా? తాళం నీ మెడలోనే ఉండాదే."

"నా మెడలో ఒకటుండాది. ఇంకోటి ఎవురి మొలతాట్లో ఉండాదో!"

అదీ ఆమె అనుమానం. హజరత్తయ్య కుప్పం తాళానికి దొంగచెవి చేయించుకున్నాడు. పెట్టె తీసి, షట్టర్ జానెడు ఎత్తి, బామ్మర్ది మురుగు కిందికి వదిలి, మళ్లీ ఏమీ ఎరగనట్టు తాళం వేస్తున్నాడు. సరే, పట్టుకుందాం అనుకుంది. పాతవల నుంచి నీలం నైలాన్ దారం ఒకటి ఊడదీసి పెట్టెకు చుట్టి, తన చేతి ముడి వేసింది. ఆమె ముడి ఆమె తప్ప కుప్పంలో ఇంకొకరు వేయలేరు, విప్పలేరు. పెట్టె మూత కదిలిందంటే దారం తెగాల్సిందే.

ఎనిమిది రోజుల తర్వాత పోయి చూస్తే దారం లేదు. తెగిన ముక్క కూడా లేదు, ఊడ్చి తీసుకెళ్లినట్టు. మళ్లీ కట్టింది, మళ్లీ పోయింది. సెప్టెంబరు చివరికి నాలుగుసార్లు కట్టింది, నాలుగుసార్లూ మాయం. ఒకరోజు గట్టు మీద హజరత్తయ్య ఎదురైతే ఆపేసింది.

"అన్నా, మీ బామ్మర్ది గుంటల్లో నీళ్లు ఎట్టా మారుస్తుండాడు?"

"నాకేం తెలుసమ్మా. ఆయన్నే అడుగు."

చెప్పేటప్పుడు ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడని ఆమె తేల్చుకుంది. ఎండ కళ్లలో పడిందేమో, అదీ సాధ్యమే కదా. కానీ ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

అప్పుడు చేసింది అసలు పని. సూళ్లూరుపేటలో కొంటే తెలిసినవాళ్లు చూస్తారని రైలెక్కి గూడూరు పోయింది. పాతదాని కంపెనీదే, ఆ సైజుదే తాళం అడిగింది. మూడు తాళాలు బయట పెట్టించి, ఒకదాని చెవి ఇంకొకదానికి పట్టడం లేదని మూడుసార్లు తిప్పి చూసుకుని ఒకటి కొన్నది. కొత్త తాళం తళతళా మెరుస్తుంటే ఎవరైనా పట్టేస్తారు కాబట్టి ఇంటికొచ్చి దాన్ని ఉప్పుచేపల కుండలో పూడ్చిపెట్టింది. వారం రోజులకు అది పదేళ్లనాటి తాళంలా తుప్పుపట్టి బయటికొచ్చింది. పాతది తీసి సరస్సులో పారేసి, కొత్తది పెట్టెకు వేసింది. ఒక చెవి మెడలోకి, రెండోది ఇంట్లో చింతపండు జాడీ అడుగుకి. ఇక తిప్పుకోరా నాయనా నీ దొంగచెవి, ఎట్టా తిరుగుతుందో చూస్తా అనుకుంది.

పెంచలయ్య దగ్గరున్న చెవి ఇక ఏ తాళానికీ పనికిరాదని ఆమెకు తెలియదా? తెలుసు. చెబుదామనే అనుకుంది. చెబితే పెంచలయ్య నోరు ఆగదు, ఆ మాట సాయంత్రానికి అల్లిపాడు చేరుతుంది. దొంగ దొరికాక చెబుదాంలే అని ఊరుకుంది.

నవంబరులో, తడ దగ్గర కంపెనీలో పనిచేసే కూతురు సుభాషిణి ఫోన్ చేసింది. బిడ్డకు జ్వరం, తనకు సెలవు దొరకలేదు, రెండు రోజులు వచ్చి ఉండమంది. మాలకొండమ్మ శనివారం బస్సెక్కింది. ఆదివారం మధ్యాహ్నం మొదలైంది వాన. అదేం వాన! ఇంటి పైకప్పు మీద ఎవరో రాళ్లు పోస్తున్నట్టు, ఒక్క క్షణం తెరిపి లేదు. సోమవారం పొద్దున పెంచలయ్య ఫోన్ వచ్చింది.

"వదినా, వాగు నిండి పారుతుండాది. షట్టర్లు ఎత్తాల. హజరత్తయ్య వచ్చి వాళ్ల తాళం తీసినాడు. నా దగ్గరుండే చెవి మన తాళానికి తిరగడంలే. ఎంత తిప్పినా కదల్లే."

మాలకొండమ్మ గుండెల్లో రాయి పడింది. ఆ రాయి పక్కనే అనుమానం కూడా లేచి కూర్చుంది.

"పక్కన ఎవురుండారు?"

"అల్లిపాడు వాళ్లందరూ ఉండారు. తాళం పగలగొడదామంటుండారు వాళ్లు. ఏమంటావు?"

పగలగొట్టండి. అంతే, ఒక్క మాట. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో ఇంకో ఆలోచన అడ్డం వచ్చింది. దొంగచెవి పట్టక, ఇప్పుడు వాన సాకుతో తాళమే లేకుండా చేద్దామని చూస్తున్నాడు. పగలగొట్టి, తనే కొత్తది కొని, చెవి తన మొలతాట్లో పెట్టుకుంటాడు. నేను తడలో ఉన్న సమయమే చూసుకున్నాడు చూడు! వాన కూడా హజరత్తయ్యే కురిపిస్తున్నాడని అనుకోలేదు, అంతవరకు నయం.

"తుప్పు పట్టుంటాది. కొబ్బరినూనె పొయ్యండి," అంది. "నేనొచ్చేదాకా ఆ తాళం మీద ఎవురూ చెయ్యెయ్యొద్దని చెప్పు. పగలగొడితే ఒప్పందం అయిపోయినట్టే."

అవతల ఏదో గొణుగుడు, వాన హోరు. తర్వాత ఫోన్లో హజరత్తయ్య గొంతు వచ్చింది.

"ఎప్పుడొస్తావమ్మా?"

"రేపు పొద్దున బస్సుకొస్తా."

"సరే."

ఆ 'సరే' విని ఆమెకు ఒళ్లు మండింది. ఇంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఏదో ఉండాలి.

మర్నాడు పొద్దున బస్సు రాలేదు. రోడ్డు మీద రెండుచోట్ల నీళ్లు పారుతున్నాయన్నారు. సెల్ టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయాయి. మంగళవారమంతా ఆమె కూతురి గుమ్మంలో నిలబడి వానను తిట్టింది. 

"ఏందిమా, నీ ఇల్లేమన్నా కొట్టకపోతుండాదా?" అంది సుభాషిణి. 

హజరత్తయ్యకు వాగు పక్కన పల్లంలో మూడెకరాలుంది. నాట్లు వేసి ఇరవై రోజులు కాలేదు. లేతపైరు నీళ్లలో రెండు రోజులు ఓర్చుకుంటుంది, నాలుగు రోజులైతే కుళ్లుతుంది. అది ఆమెకూ తెలుసు. పగలగొట్టే ఉంటారులే అని తనకు తానే చెప్పుకుంది. ఎవడు ఊరుకుంటాడు, కళ్లముందు పైరు మునుగుతుంటే? పోగానే విరిగిన తాళం చూపించి, చూశారా నేను చెప్పలా అనాలని మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

బుధవారం వాన సన్నబడింది. కంపెనీ బస్సొకటి సూళ్లూరుపేట దాకా తీసుకొచ్చింది, అక్కణ్ణుంచి కొంతదూరం ట్రాక్టర్, మిగిలింది నడక. గట్టెక్కేసరికి మధ్యాహ్నమైంది. ఎడమచేతి వైపు అల్లిపాడు పొలాలు లేవు. ఉన్నదంతా నీళ్లే. కరెంటు స్తంభాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. వంతెన మీద పాతికమంది ఉన్నారు, రెండూళ్లవాళ్లూ. మధ్యలో ఇనుపపెట్టె. పెట్టె మీద, యూరియా సంచిని తలమీదుగా కప్పుకుని, హజరత్తయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర సమ్మెట ఉంది. పెట్టెకు తాళం ఉన్నది ఉన్నట్టే ఉంది, కొబ్బరినూనె కారి మరకలు కట్టి.

"సోమవారం నుంచీ ఈడనే కూర్చోనుండాడు," అన్నాడు పెంచలయ్య చిన్నగా. "వాళ్లూరి మగపిల్లోళ్లు రెండుసార్లు సమ్మెటెత్తినారు. ఈయన పెరుక్కున్నాడు. ఆమె వస్తానని చెప్పింది, వస్తది అంటాడు. అన్నం గూడా ఈడికే తెచ్చిచ్చినారు."

హజరత్తయ్య లేచి పక్కకు జరిగాడు. మాలకొండమ్మ మెడలోని చెవి తీసి తాళంలో పెట్టింది. చెవి తిప్పగానే తాళం ఏ ఇబ్బందీ లేకుండా ఊడి చేతిలోకి వచ్చింది. మూడు రోజులు కదలని తాళం అంత సులువుగా ఎలా తెరుచుకుందో చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. హజరత్తయ్య మాత్రం ఆమె చేతిలోని చెవినీ, పెంచలయ్య చేతిలోని చెవినీ మార్చి మార్చి చూశాడు.

ఆయనే మూత ఎత్తాడు. ఎత్తగానే లోపలినుంచి బలిసిన ఎలుక ఒకటి దూకి, జనం కాళ్లమధ్యగా పరిగెత్తింది. పెట్టెలో చేరిన వాననీళ్లు పోవడానికి అడుగున వేసిన బెజ్జం దాని దారి. హ్యాండిల్ పక్కన ఎలుకగూడు ఉంది. వరిగడ్డి, కాగితం ముక్కలు, వాటి మధ్య అల్లుకుపోయి నీలం దారం. హజరత్తయ్య ఆ గూడును దోసిట్లో పట్టి తీసి గట్టు మీద పడేసి, హ్యాండిల్ అందుకుని షట్టర్ దగ్గరికి పోయాడు. అందరూ ఆయన వెంట పోయారు. 

మాలకొండమ్మ గూడు దగ్గర కూలబడింది. దారం పోగులను వేళ్లతో విడదీసి చూసింది. ఒక పోగుకు ముడి ఉంది. తన ముడి. ఎవరూ విప్పలేదు, ముట్టుకోలేదు. అటూ ఇటూ కొరికిన పళ్లగాట్లు మాత్రం ఉన్నాయి.

ఓరి దేవుడా! చేపల వాసన పట్టిన దారాన్ని ఎలుక వదులుతుందా? కుప్పంలో పసిబిడ్డనడిగినా చెబుతుంది. ఆమె ఇంట్లోనే వలలు నేలమీద పెట్టదు. ఎలుకలు కొరుకుతాయని దూలానికి వేలాడదీసి, ఆ తాడుకు రేకు కూడా అడ్డం కడుతుంది. నలభై ఏళ్లుగా ఎలుకల మీద అంత అనుమానంతో బతికిన మనిషికి, ఈ నాలుగు నెలల్లో ఒక్కసారైనా ఎలుక గుర్తుకు రాలేదు. హజరత్తయ్య ఒక్కడే గుర్తొచ్చాడు. జూలైలో నాలుకకు తగిలిన మందు వాసన కూడా నిజంగా తగిలిందో, తగలాలని తనే అనుకుందో ఇప్పుడు ఆమె తేల్చుకోలేకపోయింది.

షట్టర్లు లేచాయి, నీళ్లు కిందికి దూకాయి. పొలాలు తేలడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. పక్కవాళ్ల మెరకపొలాలు చాలావరకు తేరుకున్నాయి. హజరత్తయ్య మూడెకరాలూ కుళ్లి కంపు కొట్టాయి.

మరుసటి ఆదివారం బడి వరండాలో కమిటీ కూర్చుంది. అల్లిపాడువాళ్లు కోపంగా ఉన్నారు, తాళం ఎందుకు తెరుచుకోలేదో చెప్పాలన్నారు. పెంచలయ్య లేచి, ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాట చెప్పాడు.

"ఉప్పుగాలికి తుప్పు పట్టింది. నూనె లోపలికి దిగేదానికి మూడు రోజులు పట్టింది. మనిషి తప్పేం లేదు, ఇనుము తప్పు."

అల్లిపాడువాళ్లు గొణుక్కున్నారు గానీ, కాదనడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. తాళం చూస్తే నిజంగానే తుప్పు. ఆ మాటతో అయిపోయేది. చెవి ఆమె మెడలోనే ఉండేది, కుప్పం పరువూ నిలిచేది. పెంచలయ్య ఆమెవైపు చూసి గమ్మునుండమన్నట్టు కళ్లతో సైగ చేశాడు. మాలకొండమ్మ హజరత్తయ్యను చూసింది. ఆయన తలవంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. రెండు చెవులనూ కళ్లారా చూసిన మనిషి. చెప్పొచ్చు, చెప్పడం లేదు. ఎందుకు చెప్పడం లేదు అని అలవాటుకొద్దీ అనుమానించబోయి, ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తుప్పు కాదు," అంది లేచి. "నేనే తాళం మార్చినా. ఎవురికీ చెప్పలా."

వరండా అంతా ఒక్కసారిగా అరుపులు. పెంచలయ్య తల పట్టుకున్నాడు. హజరత్తయ్య చెయ్యెత్తి తనవాళ్లను ఆపాడు.

"ఎందుకు మార్చినావు?"

"నువ్వు దొంగచెవి చేయించినావనుకున్నా. దారం కట్టినా, తెగిపోయినాది. నువ్వే తెంచినావనుకున్నా. ఎలుక కొరికిందన్నా. ఫోన్లో గూడా నిజం చెప్పలా. చెప్పుంటే మీ పైరు బతికేది."

హజరత్తయ్య తలెత్తి ఆమెను చూశాడు. గొంతు మాత్రం పెంచలేదు.

"మూడు రోజులు ఆ పెట్టె మీద కూర్చోని నా మడి మునిగేది చూసినానమ్మా. ఒక్క దెబ్బ వేస్తే సరిపోయేది. కొట్టుంటే నా పైరు నిలబడేది. నువ్వనుకున్నది గూడా నిజమయ్యేది. ఇంక ఈ రెండూళ్లకూ పెట్టె ఎందుకు, తాళాలెందుకు? అందుకని కొట్టలా. నాకిప్పుడు నీ మీద ఎంత కోపముండాదో నేను చెప్పలేను."

"చెవి తీసుకుని ఇంకొకరికి ఇద్దాం," అన్నాడు పెంచలయ్య, ఎవరి మొహమూ చూడకుండా. "దురాయి గూడా వెయ్యాల్సిందే. వదినైతే ఏంది, ఎవురైతే ఏంది."

"దురాయి మీ ఇష్టం," అన్నాడు హజరత్తయ్య. "చెవి ఆమె దగ్గరే ఉండనీ. తప్పు తనే ఒప్పుకున్న మనిషి మీలో ఇంకొకరుంటే చెప్పండి, వాళ్లకిద్దాం. కాకపోతే ఆ కొత్త తాళానికి రెండో చెవి ఉంటది గదా. అది నాకియ్యమనండి."

కుప్పంవాళ్లు గొల్లుమన్నారు. రెండు తాళాల చెవులూ ఒకడి చేతిలోనే ఉంటే ఇంక మనకేం మిగిలింది అన్నారు. మాలకొండమ్మ మాత్రం వరండా దిగి ఇంటికి పోయింది. జాడీలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, చింతపండు అడుగునుంచి చెవి పైకి తీసి, కడిగి, కొంగుతో తుడిచి తెచ్చింది. ఏ చెవి ఆయన దగ్గర ఉందేమోనని నాలుగు నెలలు నిద్ర పాడుచేసుకుందో, ఆ చెవిని తన చేత్తోనే ఆయన చేతిలో పెట్టింది.

హజరత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపు మాలకొండమ్మకు బాగా తెలిసినదే. పాలప్యాకెట్టును చూసేటప్పుడు తను చూసే చూపు అది.

"ఇది ఆ తాళందేనా?"

మునుపటి మాలకొండమ్మ అయితే ఆ మాటకు బడి కప్పు లేచిపోయేలా అరిచేది.

"రా అన్నా," అంది. "పెట్టి చూసుకుందువు."

ఇద్దరూ గట్టు మీద ముందూ వెనకా నడిచారు. ఎడమవైపు ఆయన మూడెకరాలు నల్లగా కుళ్లి ఉన్నాయి. కుడివైపు సరస్సు మీద పడవలున్నాయి, తియ్యనీళ్లు దిగినచోట రొయ్యకోసం వలలు దించుతున్నారు. మాలకొండమ్మ ఏ వైపూ చూడలేకపోయింది. వంతెన మీద హజరత్తయ్య వంగి చెవిని తాళంలో పెట్టి తిప్పాడు. తెరుచుకుంది. మూసి, గట్టిగా లాగి చూసి, మళ్లీ తిప్పాడు. మళ్లీ తెరుచుకుంది. అప్పుడు చెవిని పంచె మడతలో దోపుకున్నాడు.

ఆయన రెండోసారి చూసుకునేదాకా ఆమె పక్కనే నిలబడింది. కోపం రాలేదు. తనైతే మూడుసార్లు తిప్పి చూసుండేది.